వారు పూశారు

సరస్సు మధ్యనున్న చారిత్రక ఉద్యానవనానికి వెళ్ళదలచిన పెద్దలకు ముందుగా ఒక విన్నపం. అక్కడ చెట్టును ‘అది’ అనకూడదు, ‘వారు’ అనాలి. పడవ దిగి రేవు మెట్లు ఎక్కగానే ఎదురయ్యే పచ్చ బోర్డు మీద ఈ సంగతి పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. చదవడం వచ్చినవారు చదువుకోవచ్చు. రానివారికి కాపలాదారు చదివి వినిపిస్తాడు. చదవడం వచ్చి కూడా చదవనివారి గతి ఏమిటో ఈ కథలో తెలుస్తుంది. మా పెదనాన్న ఆ కోవకు చెందినవారు.

బోర్డు మీది మాటలివి: “ఈ ద్వీపమునందు ఒక్కచోటనే నిలిచి, ఎండకు వానకు కదలక, ఇతరులకు నీడనో ఫలమునో ఇచ్చుచు, బహుకాలముగా జీవించుచున్న ఏ ప్రాణినైనను ‘అది’ యనరాదు. ‘వారు’ అనవలెను. వారిని ముట్టరాదు. వారి మొదలుచెంత బరువులు పెట్టరాదు. వారిని ఉన్నచోటినుండి కదల్పరాదు.”

ఈ ఉత్తర్వు ఊరికే పుట్టలేదు. అంతకుముందు సందర్శకులు కొమ్మలు విరిచేవారు, బెరడు మీద తమ పేరూ తమకు కావలసినవారి పేరూ చెక్కేవారు. ‘ముట్టరాదు’ అని బోర్డులు పెడితే, రంగు ఆరిందో లేదోనని ముందు బోర్డును ముట్టి చూసి, ఆ తరవాత చెట్టును ముట్టేవారు. కంచె వేస్తే దాని మీద తడి తువాళ్ళు ఆరేసేవారు. చివరికి ఒక సంఘం వేశారు. సంఘంలో అందరూ ఒకరికంటే ఒకరు రెండాకులు ఎక్కువ చదివినవారే. పదవీ విరమణ చేసిన భాషోపాధ్యాయులొకరు అందులో సభ్యులు. ఎదుటివాడి మాటలో ప్రత్యయం తప్పితే భోజనం మధ్యలో లేచి మరీ దిద్దుతారు గనక ఆయన్ని అందరూ ప్రత్యయం మాస్టారు అంటారు. రోగం ఎక్కడుందో ఆయనే కనిపెట్టారు.

“అయ్యా, లోపం చెట్లలో లేదు, మనుషుల్లో అంతకన్నా లేదు, సర్వనామంలో ఉంది,” అన్నారు ప్రత్యయం మాస్టారు. “మనం ‘వారు’ అనే ఏ పెద్దమనిషి చెయ్యైనా దారిన పోతూ విరిచామా? వీపు మీద పేరు చెక్కామా? ‘అది’ అన్నాం గనక తెంపాం. దేన్ని ‘అది’ అంటామో దాన్ని ఏం చేసినా చెల్లుతుందని మనకు లోపల ఒక నమ్మకం. ఆ ఒక్క మాట మార్చండి చాలు.”

అర్థమైనవారు తల ఊపారు, కానివారు చప్పట్లు కొట్టారు. ముసాయిదాలో మొదట ‘చెట్టు’ అనే రాశారు. పొదలూ తీగలూ చిన్నబుచ్చుకుంటాయని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పడంతో ‘చెట్టు’ కొట్టేసి ‘ప్రాణి’ అని దిద్దారు. అంత చిన్న దిద్దుబాటు వల్ల ఎవరికైనా ఏమైనా అవుతుందని సంఘంలో ఎవరికీ తోచలేదు.

నవ్వకండి, ఉత్తర్వు పనిచేసింది. ‘వారి’ కొమ్మ విరవడానికి చెయ్యెత్తిన మనిషికి తన ఆఫీసులోని పై అధికారి గుర్తొచ్చి, చెయ్యి దానంతటదే కిందికి దిగిపోయేది. తోటమాలులకు మొదట్లో నోరు తిరగలేదు గాని పోనుపోను అలవాటైపోయింది. ఇప్పుడు ఎరువు వేస్తే ‘వారు భోంచేశారు’ అంటారు. పురుగు పడితే ‘వారికి ఒంట్లో బాగాలేదు’ అంటారు. కొమ్మలు కత్తిరిస్తే ‘వారికి క్షవరమైంది’ అంటారు. తూర్పు ఒడ్డున ఒక మహావృక్షం ఎండిపోయి చాలాకాలమైంది. కాని ‘వారిని నరకండి’ అని సంతకం పెట్టడానికి ఏ అధికారికీ చెయ్యి రాలేదు. అందుకని ‘వారు విశ్రాంతిలో ఉన్నారు’ అని ఒక పలక తగిలించి ఊరుకున్నారు. వారు ఇప్పటికీ అలాగే ఉన్నారు.

మర్యాదలోనూ తరగతులున్నాయి. గడ్డి ఈ ఏడాదిది గనక దాన్ని ‘అది’ అనవచ్చు. కుండీల్లోని మొక్కలు తాత్కాలిక ప్రాతిపదికన పనిచేస్తున్నవి గనక ‘నువ్వు’ అనవచ్చు, ఎప్పుడు తోస్తే అప్పుడు ఎత్తి ఇంకోచోట పడెయ్యవచ్చు. నేలలో పాతుకున్నవారికి మాత్రం పూర్తి గౌరవం. మాట జారి వారిని ‘అది’ అన్న సందర్శకుడు, చిల్లుల మూతి ఉన్న పెద్ద నీళ్ళ డబ్బాను సరస్సులో నింపుకొచ్చి గడ్డికి పొయ్యాలి. ఈ ఏర్పాటు వల్ల ఆ ద్వీపంలో గడ్డి ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది.

ఇటువంటి చోటికి మా పెదనాన్న కుటుంబ సమేతంగా విచ్చేశారు. కుటుంబమంటే పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ళబ్బాయి అయిన మా అన్నయ్య, తోడుగా నేను. పెదనాన్న పార్సిల్ ఆఫీసులో సూపర్వైజరుగా చేసి రిటైరయ్యారు. పని చేసినన్నాళ్ళూ తూకం బల్ల, పురికొస, లక్క ముద్రల మధ్య గడిపిన మనిషి కావడంతో, పక్కన మనిషి లేని సామాను పోయిన సామాను కింద లెక్క అని ఆయన నమ్మకం. ఇంట్లో బీరువా మీది పెట్టెలకు కూడా పురికొస చుట్టి జంట ముడి వేసి ఉంటుంది. అందువల్ల ఏ ఊరు వెళ్ళినా, ఏ వింత చూడబోయినా, సామాను దగ్గర పెద్దమ్మను కూర్చోబెడతారు. “నువ్విక్కడ ఉండు, మేం ఒక చుట్టు చూసొచ్చి నిన్ను పంపిస్తాం” అంటారు. చూసి రావడం జరుగుతుంది. పంపించడం మాత్రం ఇంతవరకు జరగలేదు. ఈలోగా పొద్దు పోవడమో, బండికి వేళ కావడమో, పెదనాన్నకు కాళ్ళు పీకడమో జరుగుతుంది.

ఆ లెక్కన మా పెద్దమ్మ చూడని చోటు లేదు. కోట గురించి అడిగితే గేటు పక్కన అరుగు మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటుందని చెబుతుంది. మ్యూజియం గురించి అడిగితే మెట్ల కింది బల్లకు ఒక కాలు పొట్టిదని చెబుతుంది. జలపాతం అంటే ఆమె దృష్టిలో టిక్కెట్ల గది వెనకనున్న సిమెంటు దిమ్మె. చప్పుడు మాత్రం బ్రహ్మాండంగా వినిపిస్తుందట. ఇందుకు ఆమెకు ఎవరి మీదా కోపం లేదని పెదనాన్న అంటారు. ఆమెను ఎవరూ అడగలేదు గనక అదే నిజమై ఉంటుందని మేమంతా అనుకుంటూ వచ్చాం.

అయితే ఈ ద్వీపం సంగతి వేరు. పెద్దమ్మ వంటగదిలో పొయ్యికి ఎదురుగా కిరాణా కొట్టువాళ్ళు ఎప్పుడో ఇచ్చిన క్యాలెండరు ఉండేది. నెలల కాగితాలన్నీ చిరిగిపోయి, పైనున్న బొమ్మ ఒక్కటే నూనె మరకలతో మిగిలింది. ఆ బొమ్మలో ఈ ద్వీపంలోని నీలి తీగ ఒక రాతి కమాను నిండా పూసి ఉంటుంది. పొరపాటు, పూసి ఉంటారు. పెద్దమ్మ ఇన్నేళ్ళూ ఆ తీగను చూస్తూనే కూరలు తరిగింది, పాలు పొంగకుండా కాచింది, పిల్లల జ్వరాలకు గంజి కాచింది. ఒక్కసారి దగ్గరికి వెళ్ళి చూడాలని ఆమె కోరిక. ఎవరినీ ఎన్నడూ ఏమీ కావాలని అడగని మనిషి, ఈసారి బయలుదేరే ముందు ఆ బొమ్మను గోడ మీంచి తీసి, నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. పెదనాన్న అది చూసి, “సరేలే, ఈసారి నువ్వూ చూద్దువుగాని” అని అందరి ముందూ మాటిచ్చారు.

చూడటానికి ఒక వేళ ఉంది. నీలి తీగ వారు ఏడాదిలో ఒక్క రుతువులోనే పూస్తారు. మధ్యాహ్నం విచ్చుకుంటారు, పొద్దు అవతలి కొండ చాటుకు జారగానే ముడుచుకుపోతారు. మేం వెళ్ళేసరికి ఆ రుతువు అయిపోవచ్చింది. ఆ పూట చూడకపోతే మళ్ళీ ఏడాదికే. ఈ ముక్క పడవవాడు దారిలో చెప్పాడు. పెద్దమ్మ రెండుసార్లు చెప్పించుకుంది.

పడవ దిగాక పెదనాన్న బోర్డు చూడలేదు, దాని పక్కనున్న బెంచీ చూశారు. సామాను పెట్టడానికి ఆ బెంచీ ఎంత అనువుగా ఉందో మెచ్చుకుని, భోజనం క్యారియరు, నీళ్ళ సీసాలు, శాలువా, ఇంతవరకు ఎవరూ కూర్చోని మడతకుర్చీ వరసగా పేర్చారు. మధ్యలో పెద్దమ్మను కూర్చోబెట్టి చేతికి గొడుగు ఇచ్చారు. ఎండకు అన్నం పాడవుతుంది గనక గొడుగును క్యారియరు వైపు వంచి పట్టుకోమన్నారు. పెద్దమ్మ కొండ వైపు చూసి, “మరి పూలు...” అంది.

“మేం చూసొచ్చి నిన్ను పంపిస్తాంగా,” అన్నారు పెదనాన్న.

లోపల మమ్మల్ని ఒక గైడు అమ్మాయి తిప్పింది. “వీరు దక్షిణాదినుంచి వచ్చారు, వీరికి చలి పడదు. వీరు కాస్త ముభావం, పదేళ్ళకొకసారి గాని పూయరు” అంటూ ఒక్కొక్కరినీ పరిచయం చేసింది. ఈ తోటను స్థాపించిన వర్తకులు ఎంత గొప్పవారో చెప్పింది. నీలి తీగ వారిని చిన్న మొక్కగా ఉన్నప్పుడు ఆయన స్వయంగా ఒళ్ళో పెట్టుకుని పడవలో తెచ్చారట. ఆయన భార్య సామాన్లతో వెనక పడవలో వచ్చిందట. అంతటి ప్రకృతి ప్రేమికులు మళ్ళీ పుట్టరని గైడు అమ్మాయి అంటే మేమంతా ఔనన్నాం. ఆ తోటలో పూలు కోయరాదు గాని కోతలు ఎన్నైనా కోసుకోవచ్చు.

‘వారు’ సంగతి విని మా పెదనాన్న పులకించిపోయారు. మర్యాద అనేది లోకంలో ఇంకా బతికి ఉన్నందుకు సంతోషించారు. కాసేపట్లో ఉద్యానవనం సిబ్బందిని మించిపోయారు. ఎవరో సందర్శకుడు ఒక చెట్టు వైపు చూపించి “దీని కాయలు తింటారా?” అని అడిగితే, పెదనాన్న అతన్ని రెక్క పట్టుకుని తీసుకెళ్ళి కాపలాదారుకు అప్పగించి, నీళ్ళ డబ్బా చేతికిచ్చేదాకా పక్కనే నిలబడ్డారు. “మీలాంటి పెద్దలు ఉండబట్టే ఈ చెట్లు వారు బతుకుతున్నారండీ” అంది గైడు అమ్మాయి. ఆ ద్వీపంలో ప్రపంచంలోని అన్ని రకాల చెట్లూ ఉన్నాయి, ఒక్క మునగచెట్టు తప్ప. ఆ లోటు ఆ క్షణాన తీరింది. పెదనాన్న ఎక్కి కూర్చున్నారు.

ఎక్కినాయనకు దాహం వేసింది. విశ్రాంతిలో ఉన్న మహావృక్షం గారి ముందు నిలబడి, మా అన్నయ్య వైపు తిరిగి, “నీళ్ళ సీసా మీ అమ్మ దగ్గరే ఉండిపోయిందిరా. అది అక్కడే కూర్చుందో, ఎటైనా పోయిందో చూసిరా” అన్నారు.

గైడు అమ్మాయి ఆగిపోయింది. “ఎవరినండీ మీరు ‘అది’ అంటున్నారు?”

“చెట్టును కాదమ్మా, మా ఆవిణ్ణి.”

గైడు అమ్మాయి కాస్త ఊపిరి పీల్చుకుంది. కాని శిక్షణలో బోర్డు మొత్తం బట్టీ పట్టించిన పిల్ల గనక ఒక అనుమానం మిగిలింది. “వారు ఒక్కచోటే ఉంటారాండీ?” అని అడిగింది.

“పెట్టిన చోటునుంచి అంగుళం కదలదు,” అన్నారు పెదనాన్న గర్వంగా.

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. ఇది తన స్థాయి దాటిన వ్యవహారమని చెప్పి, పరుగున వెళ్ళి ఉద్యానవనాధికారిని తీసుకొచ్చింది. బోర్డుల మీది ప్రత్యయాలు ఎండకు చెదరకుండా ఉన్నాయో లేదో తనిఖీ చెయ్యడానికి అప్పుడప్పుడూ వచ్చే ప్రత్యయం మాస్టారు ఆ రోజు అక్కడే ఉన్నారు. అందరం కలిసి బెంచీ దగ్గరికి వెళ్ళాం. పెద్దమ్మ మేం వదిలి వెళ్ళినట్టే ఉంది. మమ్మల్ని చూడగానే తన వంతు వచ్చిందనుకుని లేవబోయింది. కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టి, విచారణ జరుగుతోందనీ దయచేసి కదలవద్దనీ మనవి చేశాడు.

మాస్టారు బోర్డును ముక్కముక్కగా చదువుతూ ఒక్కో ముక్కకూ పెదనాన్నను ప్రశ్నించారు. ‘ఒక్కచోటనే నిలిచి’ అన్నదానికి పెదనాన్న, ఎంత మాటండీ, ప్లాట్‌ఫారం మీంచి రైలు కదిలిపోతున్నా సామాను వదిలి రాదు అన్నారు. ‘ఎండకు వానకు కదలక’ అన్నదానికి జలపాతం దగ్గర కుంభవృష్టిలో మేమంతా టిక్కెట్ల గదిలోకి పరిగెత్తితే, ఆమె ఒక్కతే సామాను మీద ప్లాస్టిక్ గుడ్డ కప్పి పట్టుకుని నిలబడ్డ సంగతి వర్ణించారు. ‘నీడనో ఫలమునో’ అని చదివే అవసరం లేకపోయింది. గొడుగు అప్పటికీ క్యారియరు వైపే వంగి ఉంది, పెద్దమ్మ సగం మొహం ఎండలో ఎర్రబడి ఉంది. ‘బహుకాలముగా’ అంటే, మా పెళ్ళైనప్పటినుంచీ అంతేనండీ అన్నారు. భార్యను పదిమందిలో ఇంతగా మెచ్చుకునే అవకాశం ఆయనకు అదివరకు ఎప్పుడూ రాలేదు. ఆ ఉత్సాహంలో తన మెడకు తానే పురికొస చుట్టి జంట ముడి వేసుకుంటున్నట్టు గమనించలేదు.

“అన్ని లక్షణాలూ ఉన్నాయి. వీరు ప్రాణి కారని ఎవరైనా అంటారా?” అన్నారు మాస్టారు. ఎవరూ అనలేదు. “అయితే ఈమెను ‘అది’ అనడం నేరం.”

“అది కాదండీ...” అన్నారు పెదనాన్న.

కాపలాదారు నీళ్ళ డబ్బా అందించాడు. మన భాషలో ఏ పెద్దమనిషైనా ఎదుటివారితో వాదించాలంటే ‘అది కాదండీ’ అనే మొదలుపెడతాడు. వేరే తలుపు లేదు. పెదనాన్న డబ్బా నింపుకొచ్చి గడ్డికి పోసి, ఆయాసపడుతూ వచ్చి తన వైపు న్యాయం చెప్పుకోబోయి మళ్ళీ “అది కాదండీ” అన్నారు. మళ్ళీ డబ్బా వచ్చింది. మూడోసారి తెలివిగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మాస్టారితో వాదం వద్దనుకుని పెద్దమ్మ వైపు తిరిగి, “అది కాదే...” అన్నారు. దానికి రెండు డబ్బాలు పడ్డాయి.

ఈలోగా ద్వీపం ఒక నూతన ప్రాణిని చేర్చుకున్న సందర్భంగా అధికారి గారు ప్రసంగించారు. “ఇన్నాళ్ళూ మన తోటకు ప్రాణులను దూరదేశాలనుంచి తెచ్చుకున్నాం. కాని ప్రతి కుటుంబంలోనూ ఇటువంటివారు ఒకరు పాతుకుని ఉన్నారనీ, వారు నీరు పోయకపోయినా నీడనిస్తారనీ ఈ రోజు తెలుసుకున్నాం. ఈ మహనీయురాలి సహనం మనందరికీ ఆదర్శం. ఆమె ఎల్లకాలం ఇలాగే ఇక్కడే ఉండాలని ఆకాంక్షిస్తున్నాను” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. సామాను తీయించేశారు, వారి మొదలు దగ్గర బరువులు ఉండరాదు గదా. గైడు అమ్మాయి బెంచీ ముందు ‘వారిని ముట్టరాదు, కదల్పరాదు’ అన్న పలక పాతించి, వచ్చిన ప్రతి గుంపుకూ పెద్దమ్మను చూపించి, “వీరు మంచి నీడ జాతి, అరుదైనవారేమీ కారు గాని ఇంత ఏపుగా బయట దొరకరు” అని వివరించింది. సందర్శకులు ఫొటోలు తీసుకున్నారు. మా అన్నయ్య కూడా తీశాడు. వాళ్ళమ్మను అంత తీరిగ్గా చూడటం అతనికీ అదే మొదలు.

గౌరవమంటే అది. కొరవడిందేమీ లేదు, ఒక్కటి తప్ప. పెద్దమ్మ ఇప్పుడు లేవకూడదు. ఇంతకుముందు సామాను అడ్డమైతే ఇప్పుడు పలక అడ్డమైంది. అవతల పొద్దు కొండ అంచుకు ఇంకో జానెడు దూరంలో ఉంది. పెద్దమ్మ గైడు అమ్మాయిని దగ్గరికి పిలిచి, ఆ నీలి పూలు ముడుచుకునే వేళైందా అని మెల్లిగా అడిగింది. ఇంకాసేపట్లో ముడుచుకుంటారని చెప్పి, మీరు విచారించకండి, కావాలంటే వారి ఫొటో తెచ్చి చూపిస్తాను అంది ఆ అమ్మాయి. ఫొటో తన దగ్గరే ఉందని పెద్దమ్మ సంచిలోంచి మడత కాగితం తీసి చూపించింది.  ఆమె వంటగదిలో వేలసార్లు కూర్చుని తిన్నాను గాని, ఎదురుగా ఆ బొమ్మ ఎందుకుందో నేనెప్పుడూ అడగలేదు.

పెద్దమ్మ గొడుగు ముడిచింది. ముడిచి, లేచి నిలబడింది. కాపలాదారు కంగారుపడ్డాడు. అధికారి గారు ప్రాధేయపడ్డారు. పెద్దమ్మ కోప్పడలేదు, గొంతు పెంచలేదు. పాలవాడితో రేపటికి అర లీటరు తగ్గించమని చెప్పినట్టు చెప్పింది.

“నాకీ ‘వారు’ వద్దు బాబూ. ఎప్పటిలాగే ‘అది’ అనుకోండి. అది లేచింది, అది నడిచి వెళ్ళింది, అది పూలు చూసింది అనుకోండి. నాకదే చాలు.”

పలక పాతాక దాని వెనక ప్రాణి లేకపోతే ఎలా అని అధికారి గారు వాపోయారు. సరిగ్గా అప్పుడే పెదనాన్న నాలుగో డబ్బా పోసి వచ్చి, కాళ్ళు సహకరించక, ఖాళీ అయిన బెంచీ మీద కూలబడ్డారు. పెద్దమ్మ ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసింది. మడతకుర్చీ, శాలువా, సీసాలు ఒక్కొక్కటే తెచ్చి ఆయన చుట్టూ పేర్చింది. క్యారియరు పక్కన పెట్టి, గొడుగు విప్పి చేతికిచ్చి, సరిగ్గా ఎటు వంచాలో అటు వంచింది. “మీరిక్కడ ఉండండి. నేను చూసొచ్చి మిమ్మల్ని పంపిస్తాను” అంది.

గైడు అమ్మాయి మర్యాదగా ముందుకొచ్చి, వీరెవరని అడిగింది.

“మా వారు,” అంది పెద్దమ్మ.

అంతే. ‘వారు’ అని రుజువైపోయింది. ఒక్కచోట కూర్చుని ఉన్నారు, కదలడం లేదు, క్యారియరుకు నీడనిస్తున్నారు. మాస్టారు పలకను చెయ్యెడు పక్కకు జరిపించి, వ్యాకరణం దృష్ట్యా ఇందులో ఏ దోషమూ లేదని ప్రకటించారు. పెదనాన్నకు నాలుగు చుక్కలు నీళ్ళు పోసి, ముట్టకుండా దూరంగా నిలబడ్డారు. పెదనాన్న “అది...” అనబోయి డబ్బా వైపు చూసి ఊరుకున్నారు. ఆయన ఒక మాట సగంలో మింగడం మేం చూడటం అదే మొదలు.

పెద్దమ్మ వెంట నేను వెళ్ళాను. ఆమె అంత వేగంగా నడవగలదని నాకు తెలియదు. రాతి కమాను దగ్గరికి వెళ్ళేసరికి పొద్దు కొండ మీద కూర్చుంది. వారు పూసి ఉన్నారు. కమాను కనపడనంతగా, రాళ్ళ సందుల్లోంచి, ఆకుల మీదికి, మా తలల మీదికి వేలాడుతూ పూసి ఉన్నారు. క్యాలెండరువాళ్ళు రంగు ఎక్కువ వేశారు. నిజం పూలు అంత నీలంగా లేవు, ఉతికి ఉతికి వెలిసిన చీర రంగులో ఉన్నాయి. పెద్దమ్మ బొమ్మ ఒక చేత్తో పట్టుకుని, అటూ ఇటూ చూసి నవ్వింది.

“ఏమే, ఇలా ఉంటావా నువ్వు?” అంది తీగతో. “ఇన్నాళ్ళకు వచ్చానే. రానిచ్చారే.”

గైడు అమ్మాయి మా వెనకే వచ్చింది. చారిత్రక ప్రాణిని ‘ఏమే’ అనడం ఉత్తర్వులో ఊహించనైనా లేని నేరం. దానికి ఎన్ని డబ్బాలో ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయి పక్కకు తిరిగి, అంత దూరంలో ఉన్న ఒక పిట్టను ఎంతో శ్రద్ధగా చూడసాగింది. పూలు ముడుచుకునేదాకా పెద్దమ్మ అక్కడే నిలబడింది. ఒక్కొక్కటే ముడుచుకుంటుంటే వాటిని చూసి ఆమెకు దుఃఖం కలగలేదు. కడుపు నిండిన మనిషిలా వెనక్కి తిరిగింది.

చివరి పడవ వేళకు ఒక చిక్కు వచ్చింది. పెదనాన్నను కదల్పరాదు. ద్వీపంనుంచి ఏ ప్రాణినీ బయటికి తీసుకుపోరాదని ఇంకో ఉత్తర్వు కూడా ఉందట. అధికారి గారు విచారంగా, వారు ఇక్కడే ఉండిపోతారని చెప్పారు. పెదనాన్న ముఖం చూస్తే జాలేసింది. మాస్టారు దీర్ఘంగా ఆలోచించి, ఒక ఖాళీ కుండీ తెప్పించి, పెదనాన్నను అందులో నిలబడమన్నారు. రెండో కాలు లోపల పెట్టగానే ఆయన తాత్కాలికులైపోయారు. కుండీని ఎక్కడికైనా మార్చవచ్చు గదా. కాపలాదారు వెంటనే, “ఇంక నువ్వు పడవ ఎక్కు” అన్నాడు పెదనాన్నతో. పార్సిల్ ఆఫీసులో చేరిననాటినుంచి ఆయన్ని బయటివాళ్ళెవరూ ఏకవచనంలో పిలిచి ఎరగరు.

పడవ ఎక్కగానే పెదనాన్న శాలువా కప్పుకున్నారు. సరస్సు సగం దాటాక, “ఎలా ఉన్నారు వారు?” అని అడిగారు. తీగ గురించి. జాగ్రత్తగా, మాట వెంట మాట చూసుకుంటూ అడిగారు. పెద్దమ్మ సరస్సు వైపు చూస్తూ, “పైసారి మీరూ చూద్దురుగాని లెండి” అంది. అన్నయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. కాసేపటికి పెదనాన్న కూడా, శాలువా చాటునుంచి, నవ్వారు. ఇంటికి వెళ్ళాక క్యాలెండరు బొమ్మ మళ్ళీ గోడ ఎక్కలేదు. అక్కడ ఇప్పుడు చతురస్రంగా ఒక తెల్లటి మచ్చ ఉంది. పెద్దమ్మ దాన్ని చూస్తూ కూర తరుగుతుంది, ఆ ద్వీపం గురించి అడిగితే, ఏ బెంచీ ఎలా ఉందో కాకుండా పూలు ఎలా ఉన్నాయో చెబుతుంది.

ఇదంతా చదివి మీరు నవ్వుకునే ఉంటారు. మా పెదనాన్నలాంటివారు మీ ఎరికలో ఎవరెవరున్నారో లెక్కేసి, ఇంకాస్త నవ్వుకునే ఉంటారు. మంచిది. ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్ళి చూడండి. మొదటినుంచి చివరిదాకా పెదనాన్న ‘అన్నారు’, పెద్దమ్మ ‘అంది’. అధికారి ‘చెప్పారు’, గైడు అమ్మాయి ‘చెప్పింది’. వర్తకులు మొక్కను ‘తెచ్చారు’, వారి భార్య సామానుతో ‘వచ్చింది’. చివరికి ఎండిపోయిన చెట్టు సైతం ‘విశ్రాంతిలో ఉన్నారు’. నేను రాసుకుంటూ పోయాను, మీరు చదువుకుంటూ వచ్చారు, ఇద్దరిలో ఎవరికీ ఎక్కడా పంటి కింద రాయి తగల్లేదు.

రేవు దగ్గర డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకటి నేను తీసుకున్నాను. ఆ పక్కది మీది.